అగ్గిపుల్ల దగ్గర ఆగిపోయిన పుస్తకం

నేను చదివిన మొదటి సైన్స్ ఫిక్షన్ నవలకి చివరి పేజీలు లేవు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ద టైమ్ మెషీన్’ అది. అక్క చేతుల మీదుగా నా దగ్గరికి వచ్చేసరికే దాని వెనక అట్ట ఊడిపోయింది. అట్టతో పాటు కొన్ని కాగితాలు కూడా పోయాయి. బైండింగ్ దారం ఒకటి మాత్రం కింద వేలాడుతూ ఉండేది. చదువుతున్నంతసేపూ దాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చునేదాన్ని. అప్పటికి నాకు పదకొండేళ్లు. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద.

పుస్తకం ఎక్కడ తెగిపోయిందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. కాలప్రయాణికుడు 8,02,701వ సంవత్సరంలో చిక్కుకుపోయాడు. చీకట్లో బతికే మొర్లాక్‌లు అతని యంత్రాన్ని ఎత్తుకెళ్లి, తెల్లటి స్ఫింక్స్ విగ్రహం కింద పీఠంలో దాచేశారు. ఆ తలుపులు పగలగొట్టడానికి ఇనుప కడ్డీ పట్టుకుని వస్తే, అవి తెరిచే ఉన్నాయి! కడ్డీ పారేసి లోపలికి వెళ్తాడు. వెనకాల కంచు తలుపులు ధన్‌మని మూసుకుంటాయి. ఉచ్చు అని అర్థమవుతుంది కానీ అతనికి పెద్ద కంగారేమీ లేదు. యంత్రం మీటలు తన జేబులోనే ఉన్నాయి, బిగించి బయల్దేరడమే ఆలస్యం. వెలుతురు కోసం అగ్గిపుల్ల తీస్తాడు. పెట్టె అంతకుముందే అడవిలో పోయింది, జేబులో మిగిలినవి విడి పుల్లలు. అవి పెట్టె మీద గీస్తే తప్ప వెలగని రకం.

అంతే. నా పుస్తకం అక్కడితో సరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కని లేపి, ‘తర్వాత ఏమైంది?’ అని అడిగాను. అక్క దుప్పట్లోంచే చెప్పింది. అతను చీకట్లో తడుముకుంటూ మీటలు బిగించాడట. యంత్రాన్ని వెనక్కి తిప్పి, సరిగ్గా ఒక్క రాత్రి వెనక్కి వెళ్లాడట. అడవి తగలబడకముందే వీనాని ఎత్తుకుని, ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చేశారట. వీనా అంటే నీళ్లలో కొట్టుకుపోతుంటే అతను కాపాడిన పిల్ల. అతని వెంటే తిరుగుతూ, అతని జేబుల్లో పూలు పెట్టేది. అగ్గిపుల్ల వెలగని ఆ చీకటికి ముందు రోజు రాత్రి మంటల్లో తప్పిపోతుంది. అక్క చెప్పిన ముగింపు వింటే ప్రాణం లేచొచ్చింది. అదే అసలు ముగింపని ఆరేళ్లు నమ్మాను.

ఆ ఆరేళ్లలో ఆ చీకటి గదిలోకి ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కలేదు. లైట్లు ఆర్పేసి, కళ్లు గట్టిగా మూసుకుని, తలుపు గొళ్లెం తడుముతూ అదే మీట అనుకునేదాన్ని. మొర్లాక్‌ల చేతులు ఎంత చల్లగా ఉంటాయో, మెత్తగా ఉంటాయో ఒంటికి తెలిసినట్టే ఉండేది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నేను ఎలాంటి పాఠకురాలిని కావాలో ఆ చిరిగిన పుస్తకమే నిర్ణయించిందనిపిస్తుంది. ఫాంటసీ అయినా, సైఫై అయినా, రచయిత చెప్పకుండా వదిలేసిన చోటే నేను స్థిరపడిపోతాను. ఆ చోటు లేని పుస్తకాన్ని ఎంత మెచ్చుకున్నా దాంతో కలిసి బతకలేను.

పదిహేడేళ్లప్పుడు పూర్తి పుస్తకం దొరికింది. నిలబడే చదివాను. మీటలు బిగించే దగ్గర అక్క చెప్పింది నిజమే, తడుముకుంటూనే బిగిస్తాడు. కానీ అతను వెనక్కి వెళ్లడు, కంగారులో ఇంకా ముందుకి దూసుకుపోతాడు. ఎంత ముందుకంటే, భూమి తిరగడం ఆగిపోయి, ఎర్రటి పెద్ద సూర్యుడు కదలకుండా ఆకాశానికి అతుక్కుపోయిన కాలానికి. నిర్జనమైన సముద్రతీరం, రాళ్ల మధ్య పాకే బల్లంత ఎండ్రకాయలు, పల్చటి గాలి. మూడు కోట్ల ఏళ్ల తర్వాత నల్లగా ఏదో ఒకటి ఒడ్డున గెంతుతుంది. దానికి పేరు లేదు, అది ఏమిటో వెల్స్ చెప్పడు. ఇంటికైతే తిరిగొస్తాడు, కానీ వీనా ఉండదు. ఆమె జేబులో పెట్టిన రెండు తెల్లపూలు మాత్రం ఉంటాయి. తర్వాత ఒక రోజు కెమెరా చంకన పెట్టుకుని మళ్లీ బయల్దేరతాడు. కథ చెబుతున్నవాడు మూడేళ్లు ఎదురుచూస్తాడు. అతను ఇక రాడు. ఎక్కడికి వెళ్లాడో మనకి తెలియదు.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. వీనా కోసం ఏడ్చాను కూడా. కానీ ఒక విషయం నన్ను వెంటాడింది. చిరగని పుస్తకం కూడా చిరిగిన చోటే ఆగింది! నా పుస్తకంలో పేజీలు ఎవరో చింపితే పోయాయి, వెల్స్ మాత్రం ఆ చివరి ప్రయాణం పేజీలు అసలు రాయలేదు. ఆ ఎండిపోయిన పూలు నా చేతిలో పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఆర్థర్ సి. క్లార్క్ 1973 నవల ‘రాండెవూ విత్ రామా’ చదివింది డిగ్రీ రోజుల్లో. 2131లో సౌరకుటుంబంలోకి ఒక వస్తువు వస్తుంది. గ్రహశకలం అనుకుంటారు. గ్రీకు, రోమన్ దేవతల పేర్లన్నీ ఖగోళ శాస్త్రవేత్తలు ఎప్పుడో వాడేశారు కాబట్టి, హిందూ దేవతల వరుసలోంచి రాముడి పేరు పెడతారు. దగ్గరికి వెళ్లి చూస్తే యాభై కిలోమీటర్ల పొడవున్న సిలిండర్! దాని లోపల ఒక ప్రపంచం. కమాండర్ నార్టన్ బృందం లోపలికి దిగేసరికి కటిక చీకటి. వెలుగు కోసం ఒక ఫ్లేర్ కాలుస్తారు. నేల రెండువైపులా వంపు తిరిగి పైకి లేస్తూ, తల మీద కలుసుకుంటుంది. మధ్యలో గడ్డకట్టిన సముద్రం ఒక పట్టీలా గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. తలెత్తితే నడినెత్తి మీద కూడా సముద్రమే. ఆ పేజీ చదివి నేను నిజంగానే తలెత్తి చూశాను.

అక్కడ మెట్లున్నాయి, నగరాల్లాంటి కట్టడాలున్నాయి, పనులు చేసుకుపోయే యాంత్రిక జీవులున్నాయి. దాన్ని కట్టిన రామన్లు మాత్రం లేరు. ఒక చోట గాజు స్తంభాల్లో నిల్వ చేసిన వస్తువుల రూపాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి దుస్తులు. ఆ పట్టీలు, తొడుగులు చూస్తే తొడుక్కునేవాళ్లకి మూడు చేతులుంటాయేమో అనిపిస్తుంది. వాళ్ల గురించి మనకి దక్కేది ఆ ఒక్క చొక్కాయే. నవల అయ్యేసరికి రామా సూర్యుడి దగ్గర శక్తి నింపుకుని, మనుషుల వైపు కన్నెత్తయినా చూడకుండా తన దారిన తాను వెళ్లిపోతుంది. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే పెద్ద అవార్డులు హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి ఈ పుస్తకానికి. ఇందులో పాత్రలు బలహీనం అనేవాళ్లతో నేను వాదించను. ఆ మాట నిజమే, నార్టన్ ముఖం నాకు గుర్తులేదు. ఆ చొక్కా గుర్తుంది.

తర్వాత 1989 నుంచి 1993 మధ్య క్లార్క్, జెంట్రీ లీ కలిసి మూడు సీక్వెల్స్ తెచ్చారు. చివరిదాని పేరే ‘రామా రివీల్డ్’. మొదటిది తెరిచినప్పుడు చేతులు వణికాయి, అంత ఇష్టంగా తెరిచాను. ఎవరు కట్టారు, ఎందుకు పంపారు అని ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వెళ్లారు. విప్పిన ప్రతి ముడితోనూ ఆ సిలిండర్ చిన్నదైపోయింది. యాభై కిలోమీటర్ల చీకటి కాస్తా గదిగది తిరిగి చూసిన ఇల్లయింది. నా దృష్టిలో రామా కథ 1973లోనే ముగిసింది. ఆ సీక్వెల్స్‌ని నేను మళ్లీ ముట్టుకోలేదు.

‘డ్యూన్’ విషయంలోనూ ఇదే బాధ. 1965లో ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన ఆ నవలలో, ఆలోచించే యంత్రాల మీద వేల ఏళ్ల కిందట జరిగిన తిరుగుబాటు ఒక నీడలా ఉంటుంది. కంప్యూటర్లు లేని భవిష్యత్తు ఎందుకొచ్చిందో అర్థమయ్యేంత చెబుతాడు, అంతకు మించి చెప్పడు. ప్రతి అధ్యాయం ముందూ యువరాణి ఇరులాన్ రాసిన పుస్తకాల్లోంచి నాలుగు మాటలుంటాయి. ఆ పుస్తకాలు ఎక్కడా లేవు. అవి ఎక్కడో ఒక గ్రంథాలయంలో ఉన్నాయని నమ్మేదాన్ని. హెర్బర్ట్ పోయాక ఆ తిరుగుబాటు మీదే విడిగా నవలలు వచ్చాయి. అభిమానులకి అవి కావాలనిపించడం నాకు అర్థమవుతుంది. నేను మాత్రం ఆ నీడనే ఉంచుకున్నాను.

దీనికి ఎదురుమాట కూడా నాకు తెలుసు. అసిమోవ్ అంటే నాకు ప్రాణం, ఆయన ఏదీ దాచే రకం కాదు. 1942లో వచ్చిన ‘రన్‌అరౌండ్’ కథలో బుధగ్రహం మీద ఒక రోబో సెలీనియం గుంట చుట్టూ తాగినవాడిలా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పనిమీద వెళ్లమని మనుషులు ఇచ్చిన ఆజ్ఞ ముందుకి లాగుతోంది, అక్కడి ప్రమాదం నుంచి తనని తాను కాపాడుకోమనే సూత్రం వెనక్కి లాగుతోంది. రెండు బలాలూ సమానమైన చోట చుట్టూ తిరుగుతోంది. దాన్ని ఆ ఇద్దరు ఇంజనీర్లు మాట మాట పేర్చుకుంటూ తేల్చే తీరు చూస్తుంటే లెక్క సరిపోయినప్పటి ఆనందం కలుగుతుంది. ఇక్కడ వివరణే కథ. దాన్ని చెప్పకుండా వదిలేస్తే అది పాఠకుడికి మోసం. కాబట్టి దాచడమే గొప్ప అని నేను అనను. ప్రశ్న వేసి, జవాబు దొరుకుతుందని మాటిస్తే ఇవ్వాల్సిందే. కానీ కొన్ని నవలలు ఆ మాట ఇవ్వవు. వాటిని జవాబు కోసం పీడించడం మన తప్పు.

స్తానిస్లావ్ లెమ్ ‘సొలారిస్’ అలాంటిదే. 1961లో పోలిష్‌లో వచ్చింది. నేను మొదట చదివింది ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదం. పోలిష్ నుంచి నేరుగా బిల్ జాన్‌స్టన్ చేసిన అనువాదం 2011లో వచ్చాక మళ్లీ చదివాను. అప్పుడు తెలిసింది, రేయా అని నేను ఏళ్ల తరబడి పిలుచుకున్న అమ్మాయి అసలు పేరు హారీ అని. ఎందుకో చాలా బాధేసింది, ఇన్నాళ్లూ పేరు తప్పుగా పిలిచినట్టు. గ్రహమంతా కప్పేసిన సముద్రం ఒకటుంది, అది బహుశా ఆలోచిస్తుంది. దాని మీద తరతరాల శాస్త్రవేత్తలు రాసిన గ్రంథాలతో బీరువాలు నిండిపోయాయి. అలల ఆకారాలకి పేర్లు పెట్టారు, వర్గాలుగా విభజించారు, సిద్ధాంతాల మీద కొట్టుకున్నారు. ఆ గ్రహం మీది పరిశోధన స్టేషన్‌కి వచ్చిన శాస్త్రవేత్త కెల్విన్, అక్కడి గ్రంథాలయంలో కూర్చుని ఆ పుస్తకాలు తిరగేసే అధ్యాయాలు బోరు అంటారు చాలామంది. నాకు అవే ఇష్టం. అంత చదువూ ఒక్క చుక్క నీటికి కూడా అర్థం చెప్పలేకపోయిందని ఆ బీరువాలు చూస్తేనే తెలుస్తుంది. కెల్విన్ ప్రేమించిన, ఎప్పుడో చనిపోయిన హారీని సముద్రం మళ్లీ మనిషిలా చేసి అతని దగ్గరికి ఎందుకు పంపింది? ప్రేమా, ప్రయోగమా, శిక్షా? మూడుసార్లు చదివాను, మూడుసార్లూ వేరే జవాబు తోచింది.

ఫాంటసీకి వస్తే, చిన్నప్పుడు విన్న మాయల ఫకీరు కథే నాకు కొలబద్ద. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ ప్రాణం చిలకలోకి ఎలా వెళ్లిందని మనలో ఎవరైనా అడిగామా? ఏ మంత్రం చదివాడు, ఎంత శక్తి ఖర్చయింది, ఇంకో చిలకలోకి మార్చుకోవచ్చా అని? అడగలేదు. చిలక మెడ పట్టుకుంటే ఫకీరు గిలగిలలాడతాడు, అంతవరకే తెలుసు, భయానికి అది చాలు. టోల్కీన్ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ చదువుతూ దుష్టప్రభువు సారాన్ తన బలాన్ని ఉంగరంలో పోసి పెట్టుకున్నాడని తెలిసినప్పుడు, ‘ఓహో, చిలక!’ అని పైకే అనేశాను. ఇప్పుడొచ్చే కొన్ని ఫాంటసీ సిరీస్‌లలో మాయకి ఫిజిక్స్ పుస్తకంలా పట్టికలుంటాయి. ఏ లోహానికి ఏ శక్తి, ఎంత మోతాదు, ఎంతసేపు. తెలివిగా రాసినవే, పోరాటాలు బాగా రక్తి కడతాయి, నేనూ రాత్రుళ్లు మేలుకుని చదివాను. కానీ ఆ మాయ అంటే నాకు భయం వేయదు.

1954, 55లలో మూడు భాగాలుగా వచ్చిన టోల్కీన్ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం యుద్ధంలో లేదు, ఉంగరం గురించి కాదు. మోరియా గనుల చీకట్లో అందరూ దారి కోసం బెంబేలెత్తుతుంటే, వాళ్లలో ఒకడైన ఆరగోర్న్, దారి చూపిస్తున్న మాంత్రికుడు గాండాల్ఫ్ మీద నమ్మకం చెబుతూ, కారుచీకట్లో ఇల్లు వెతుక్కోవడంలో ఇతను బెరూథియెల్ రాణి పిల్లుల కంటే నేర్పరి అంటాడు. అంతే. ఎవరీ రాణి? ఏం పిల్లులు? నవలలో ఎక్కడా ఇంకో ముక్క ఉండదు. అది విన్నవాళ్లెవరూ అడగరు కూడా, వాళ్లందరికీ ఆ కథ తెలుసన్నట్టు నడిచిపోతారు. నాకు ఆ లోకం నిజమైపోయింది ఆ పిల్లుల వల్లే. 1955లో కవి ఆడెన్‌కి రాసిన ఉత్తరంలో, ఆ పిల్లుల సంగతి తనకీ ఇంకా తెలియదని టోల్కీన్ ఒప్పుకున్నాడు. ఇంకో ఉత్తరంలో, దూరాన కనిపించే దీవి దగ్గరికి వెళ్తే దాని మాయ పోతుందనే అర్థం వచ్చేలా రాశాడు. ఒక లోకం చరిత్రంతా, భాషలన్నీ కూర్చుకున్న మనిషి ఈ మాట అన్నాడంటే నాకు చాలా విలువైనది.

ఇక ఉర్సులా లె గ్విన్. ఆమె గురించి తక్కువ చెప్పడం నా వల్ల కాదు. 1969లో వచ్చిన ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ని ప్రతి రెండు మూడేళ్లకోసారి చదువుతాను. ఆడా మగా అనే తేడా శాశ్వతంగా ఉండని మనుషుల గ్రహం అది. మొదటిసారి చదివినప్పుడు ఆ విషయమే ఆశ్చర్యం. ఇప్పుడు చదివితే నా మనసంతా మంచు మీదే. మన భూమి నుంచి వెళ్లిన దూత జెన్లీ ఐ, ద్రోహి అని ముద్రపడ్డ ఎస్ట్రావెన్, ఇద్దరే బండి లాక్కుంటూ వందల మైళ్ల మంచుగడ్డ దాటతారు. తిండి తూచుకుని తింటారు. రాత్రిళ్లు చిన్న గుడారం, చిన్న స్టవ్. ఒక రాత్రి జెన్లీ అతనికి మనసుతో మాట్లాడడం నేర్పుతాడు. ఎన్ని ప్రయత్నాల తర్వాతో మాట చేరుతుంది. కానీ ఎస్ట్రావెన్ అదిరిపడతాడు. అతనికి వినిపించింది జెన్లీ గొంతు కాదు, ఎప్పుడో చనిపోయిన తన అన్న గొంతు.

ఆ అన్నకీ అతనికీ మధ్య ఏం జరిగిందో లె గ్విన్ నేరుగా చెప్పదు. ఇక్కడో ముక్క, పాత జానపద కథలో ఇంకో ముక్క, ప్రమాణం గురించి ఒక మాట. మనమే కూర్చుకోవాలి. మొదటిసారి నేను కూర్చుకోలేకపోయాను, అన్న గొంతు ఎందుకు వినిపించిందో తెలియకుండానే ఒళ్లు జలదరించింది. చివర్లో ఎస్ట్రావెన్ సరిహద్దు కాపలావాళ్ల తుపాకుల మీదికి నేరుగా స్కీ చేస్తూ వెళ్లిపోతాడు. తప్పించుకోబోయాడా, చావునే కోరుకున్నాడా? ఆత్మహత్యని క్షమించని సమాజం అది, అందుకే ఆ ప్రశ్న జెన్లీని వదలదు. నన్నూ వదల్లేదు. ఆ తర్వాత జెన్లీ ఎస్ట్రావెన్ ఇంటికి వెళ్తే, అతని బిడ్డ అడుగుతుంది, ఆయన ఎలా పోయారో చెబుతారా, ఆ నక్షత్రాల మధ్య ఉన్న వేరే లోకాల గురించి చెబుతారా అని. నవల ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. జెన్లీ నోరు విప్పకముందే.

పోయిన ఏడాది అక్క నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ చిరిగిన ‘టైమ్ మెషీన్’ బయటికి తీశాను. పేజీలు గోధుమ రంగుకి తిరిగాయి, ఆ దారం ఎప్పుడో ఊడిపోయింది. చివరి పేజీ తీసి, అగ్గిపుల్ల దగ్గర వేలు పెట్టి చూపించాను.

“వీనాని వెనక్కి తెచ్చాడని ఎంత బాగా కల్పించావే అక్కా, ఆరేళ్లు నమ్మాను తెలుసా?”

అక్క కళ్లద్దాలు సవరించుకుని ఆ పేజీ పూర్తిగా చదివింది. తర్వాత నా వైపు చూసి, “నేను కల్పించడమేంటే?” అంది. “అది ముగింపు కాదా?”

అక్క అసలు పుస్తకం ఎప్పుడూ చదవలేదు. ఆమె చేతికి వచ్చేటప్పటికే దానికి వెనక అట్ట లేదట. పుస్తకం ఇచ్చిన స్నేహితురాలిని తర్వాత ఏమైందని అడిగితే, వీనాని ఎత్తుకుని ఇంటికి వచ్చేశారని ఆ అమ్మాయే చెప్పిందట. ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో అక్కకి తెలియదు.